కుమ్మరి వంశము – కుమ్మరి హస్తము

(కుటుంబ ప్రార్థనలకును, స్త్రీల సమాజ కూటములకును తగిన వేద పాఠము)

చదువవలసిన భాగములు: యిర్మీయా 18:1–6, 19:10–11, 1 దినవృత్తాంతములు 4:23, 2 కొరింథీయులకు 4:7–10, 2 తిమోతికి 1:5.
కంఠత వాక్యము: 2 కొరింథీయులకు 4:7.



పరిశుద్ధ గ్రంథములో రాజుల పేళ్లును యాజకుల పేళ్లును విస్తారముగా కనబడును. అయినను యూదా వంశావళి నడుమ ఒక చిన్న వచనములో కుమ్మరి పనివారి సంగతియు వ్రాయబడినది (1 దిన. 4:23). వారు రాజునకు కావలసిన పని చేయుచు అతని చెంత నివసించిన ఇంటివారు. మట్టిపని చేయువారిని దేవుని ఆత్మ మరచిపోలేదు. వారి పని వంశావళిలో చేర్చదగినదని ఎంచెను.

ఈ పనిని తండ్రియొద్ద కుమారుడు నేర్చుకొని, అట్లు వందల సంవత్సరములు నిలుపుకొనిన కుటుంబములు ఆసియా ఖండపు తూర్పు దిక్కున కొరియా దేశములో నేటికిని కలవు. వారు చేయు వస్తువులలో తేనీరు త్రాగు గిన్నెలు లోకప్రసిద్ధమైనవి. వారి పని క్రమమును చూచుచు, మన విశ్వాసము మన పిల్లల చేతికి ఎట్లు చేరునో, ఎందుకు చేరకపోవునో ఈ నెల ఆలోచింతము. ఇది మన సంఘములకు చిన్న ప్రశ్న కాదు. తాత నిందలకు ఓర్చి బాప్తిస్మము పొందెను. తండ్రి సంఘ పెద్దగా నుండెను. కుమారుడు క్రిస్మస్ నాడు మాత్రము గుడికి వచ్చుచున్నాడు. మనుమడు ఆ దినమునను వచ్చుట లేదు. ఇట్టి ఇండ్లు మన గ్రామములలో లేవని ఎవరు చెప్పగలరు?

1. మన్నును సిద్ధపరచుట

త్రవ్వి తెచ్చిన మన్ను వెంటనే సారె మీదికి పోదు. కొరియా కుమ్మరులు దానిని నీటిలో కలిపి బాగుగా కదుపుదురు. రాళ్లును ముతక ఇసుకయు అడుగున దిగును. పైనున్న సన్నని బురదనీటిని వడియగట్టి, వేరొక తొట్టిలో పేరుకొననిత్తురు. నీరు ఇంకిన తరువాత ఆ మన్నును కాళ్లతో త్రొక్కి, చేతులతో మరల మరల పిసుకుదురు. లోపల గాలిబుడగ మిగిలెనా, ఆవములో పాత్ర పగులును. రాయి మిగిలెనా, సారె తిరుగునప్పుడు వ్రేలికి తగిలి అంచు చెడును. మన ఊరి కుమ్మరియు మన్ను త్రొక్కుటలో ఇంతే జాగ్రత్త పడునని మీరెరుగుదురు.

రాయి మెత్తని ముద్దలో కంటికి కనబడదు. ఆకాను దాచిన సొమ్మును ఎవరు చూచిరి? అయినను ఇశ్రాయేలీయులందరు హాయియెదుట ఓడిపోయిరి (యెహోషువ 7). అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా, వడ్డీ లెక్కలో దాచిన అబద్ధము, సంఘములో ఒకరిమీద ఒకరు పెట్టుకొనిన పగ, ఇవి మన ఇండ్లలోని చిన్న రాళ్లు. ఇవి పెద్దలలో ఉండగా పిల్లలకు వాక్యము చెప్పిన, పిల్లలు వాక్యముకంటె ముందు ఆ రాయినే కనుగొందురు. కాబట్టి పిల్లలను దిద్దుటకు ముందు పెద్దలు దేవుని చేతిలో వడియగట్టబడవలెను.

2. సారె ప్రక్కన కూర్చుండుట

కొరియాలో ఉత్తర గ్యోంగ్సాంగ్ రాష్ట్రమునందు ముంగ్యోంగ్ అను కొండ ప్రాంతము కలదు. తేనీటి గిన్నెలకు అది పేరుపొందినది. అక్కడి కిమ్ జోంగ్-ఓక్ అను కుమ్మరి తన వంశములో ఈ పని చేసిన 7వ తరమువాడు. 18వ శతాబ్దమునుండి ఆయన పితరులు ఇదే పని చేయుచు వచ్చిరి. 1996లో కొరియా ప్రభుత్వము ఆయనను దేశపు ప్రాచీన పింగాణి విద్యను కాపాడి నేర్పువానిగా గుర్తించి గౌరవించెను. ఆయన కుమారుడును మనుమడును అదే పనిలో ప్రవేశించిరి. ఆ ఇంటి పద్ధతిలో సారెను కాలితో తన్ని త్రిప్పుదురు. కాలు వేగమును అదుపుచేయగా చేతులు మన్నును లేపును. కాలును చేతులును ఏకముగా కదలుట పుస్తకములో చదివి నేర్చుకొనునది కాదు.

ఇక్కడ మనము గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. 7వ తరమువాడై పుట్టినంత మాత్రమున ఎవని చేతికిని ఈ పని రాదు. తండ్రి రక్తము కుమారునిలో ఉండును గాని తండ్రి నేర్పు ఉండదు. కుమారుడు తన చేతులను తానే మన్నులో పెట్టవలెను. అతని మొదటి గిన్నెలు వంకరపోవును, కూలిపోవును. తండ్రి ప్రక్కన కూర్చుండి మరల ముద్ద చేసి ఇయ్యవలెను.

విశ్వాసమును అట్టిదే. తాత విశ్వాసము మనుమని రక్షింపదు. ప్రతివాడును తానే ప్రభువు నొద్దకు రావలెను. అయితే ఎవరును ప్రక్కన కూర్చుండి చూపక నేర్చుకొనుటయు అరుదు. తిమోతిలోని నిష్కపటమైన విశ్వాసమునకు ముందు అవ్వయైన లోయిలోను తల్లియైన యునీకేలోను అది ఉండెనని పౌలు జ్ఞాపకము చేయుచున్నాడు (2 తిమోతి 1:5). అవ్వ పని ఎక్కడ జరిగెను? దేవాలయములో కాదు, ఇంటిలో, పొయ్యి దగ్గర, పడక దగ్గర జరిగెను. ఇంటిలో కూర్చుండినప్పుడును త్రోవను నడచునప్పుడును పిల్లలకు ఆజ్ఞలను నేర్పుమని మోషే చెప్పినదియు ఇదియే (ద్వితీ. 6:7). యెహోషువ తరము గతించిన వెంటనే యెహోవాను ఎరుగని తరము పుట్టెను (న్యాయా. 2:10). ఒక్క తరము సారె ప్రక్కన కూర్చుండక పోయిన చాలును, నేర్పు పోవును.

యిర్మీయా కుమ్మరి యింట చూచినదేమి? చేయుచున్న పాత్ర చెడిపోయెను. కుమ్మరి ఆ మన్నును వీధిలో పారవేయలేదు, వేరు మన్నును తేలేదు. ఆ మన్నుతోనే, ఆ చేతులతోనే మరియొక పాత్రను చేసెను. తప్పిపోయిన కుమారుని విషయమై దుఃఖించు తండ్రులారా, మన్ను ఇంకను మెత్తగా నున్నంతవరకు నిరాశపడకుడి. కోపముతో కొట్టిన ముద్ద పాత్ర కాదు. ఓర్పుతో పట్టిన ముద్దయే పాత్రయగును.

3. ఆవము

ముంగ్యోంగ్ కుమ్మరుల ఆవమును ‘మాంగ్దేంగి’ ఆవమందురు. ఒక ప్రక్క లావుగాను ఒక ప్రక్క సన్నగాను చేసిన మట్టి ముద్దలను దగ్గరగా పేర్చి, గుండ్రని కప్పు గల గదులుగా దానిని కట్టుదురు. కొండవాలున ఒక గదిపైన ఒక గది మెట్లవలె లేచును. క్రింద వేసిన మంట గది వెంబడి గదికి ఎక్కిపోవును. 1843 ప్రాంతమున కట్టబడిన ఇట్టి ఆవమొకటి ఆ ప్రాంతమున నేటికిని నిలిచియున్నది. దేవదారు జాతికి చెందిన పైన్ చెట్ల కట్టెలనే వంటచెరకుగా వాడుదురు. పాత్రలను మొదట తక్కువ వేడిమిలో కాల్చి, పూత పూసి, తరువాత సుమారు 1,250 డిగ్రీలకు మించిన వేడిమిలో మరల కాల్చుదురు.

కాల్చని కుండ ఎంత అందమైనదైనను నీళ్లు పోసినంతనే కరగి బురదయగును. అగ్నిలోనుండి వచ్చినదే నీటిని నిలుపును. మన విశ్వాసము అగ్నిపరీక్షచేత శుద్ధియగునని పేతురు వ్రాసిన మాట (1 పేతురు 1:7) ఇట్లు తెలియుచున్నది. పంట పోయిన సంవత్సరము, ఇంటిలో మరణము సంభవించిన సంవత్సరము, తల్లిదండ్రులు ఎట్లు ప్రార్థించిరో పిల్లలు చూచుచునే యుందురు. ప్రసంగములు మరచిపోవుదురు గాని ఆ దినములను మరువరు.

మరియొక సంగతి. ఆవమును మన్నే. పాత్రలను కాల్చు ప్రతిసారియు ఆవపు గోడయు కాలుచు గట్టిపడును. ఇల్లు అను ఆవములో పిల్లలే కాల్చబడుదురని తలంచు పెద్దలు పొరపడుచున్నారు. పిల్లలను పెంచు అగ్నిలో పెద్దలును కాల్చబడుచున్నారు.

4. పేరులేనివాని గిన్నె

కొరియా కుమ్మరులు 16వ శతాబ్దములో చేసిన కొన్ని గిన్నెలు సముద్రము దాటి జపాను దేశమునకు చేరెను. అక్కడి ధనవంతులు తేనీటి విందులలో వాటిని బంగారముకంటె ఎక్కువగా ఎంచిరి. వాటిలో ‘కిజాయెమొన్’ గిన్నె అనునది మిక్కిలి ప్రసిద్ధము. అది క్యోటో పట్టణములో దైతోకు-జీ అను బౌద్ధాలయమునకు చెందిన ఒక మఠములో ఉంచబడినది. 1951లో జపాను ప్రభుత్వము దానిని జాతీయ నిధిగా ప్రకటించెను. 1931లో యనగి సోయెత్సు అను పండితుడు దానిని చూచి, అది బీదవాడు ప్రతిదినము వాడుకొను సామాన్యమైన గిన్నెయే యని వ్రాసెను. దాని మొదటి వాడుకను గూర్చి వేరు అభిప్రాయములును కలవు. అయితే దానిని చేసినవాని పేరు మాత్రము ఎవరికిని తెలియదు. దాని అడుగున పూత సరిగా పరచుకొనక గుండ్లు గుండ్లుగా ముద్దకట్టినది. కుమ్మరికి అది లోపముగా కనబడియుండవచ్చును. తరువాతివారు దానినే అందమని మెచ్చుకొనిరి.

ఇందులో ఓదార్పు కలదు. పేరు తెలియని బైబిలు స్త్రీ, పేరు తెలియని ఉపాధ్యాయుడు మన ఊరిలో చేసిన పని దేవుని యెదుట మరుగు కాలేదు.

అయితే ఇందులో హెచ్చరికయు కలదు. కిజాయెమొన్ అనువాడు ఆ గిన్నెకు ఒకప్పటి యజమానుడు. అతడు సమస్తమును పోగొట్టుకొని కటిక బీదవాడైనను గిన్నెను అమ్మక, సంచిలో వేసి మెడకు తగిలించుకొని తిరుగుచు, చివరకు దానిని విడువకయే వ్యాధితో చనిపోయెనని చెప్పుదురు. గిన్నెను పట్టుకొని ఆకలితో నుండుట ఎంత వింత! అపొస్తలుడైన పౌలు మంటి పాత్రను గూర్చి వ్రాసినప్పుడు పాత్రను పొగడలేదు. ఐశ్వర్యము లోపలనున్నది, బలము దేవునిది అని చూపెను. మనమును కొన్నిసార్లు తాతల నాటి గుడి, తాతల నాటి పెద్దరికము, తాతల నాటి బైబిలు అను పాత్రలను మెడకు కట్టుకొని, లోపలి ఐశ్వర్యము లేక బ్రదుకుచున్నామేమో పరీక్షించుకొందము. బైబిలు తాతదైనది మంచిదే. దానిని నేడు తెరచితిమా అనునదే ప్రశ్న.

5. చెరలోనికి పోయిన చేతులు

1592లో జపాను సైన్యములు కొరియాపై దండెత్తెను. 1598లో యుద్ధము ముగిసి మరలిపోవుచు, ఆ సేనానులు అనేకులైన కుమ్మరులను చెరపట్టుకొనిపోయిరి. నామ్‌వొన్ ప్రాంతమునుండి కొనిపోబడిన వారిలో షిమ్ డాంగ్-గిల్ అనువాడుండెను. అతని సంతతివారు జపాను దక్షిణమున కాగోషిమా ప్రాంతములో ఒక పల్లెయందు నిలిచి, 15వ తరము వరకు ఆ పనిని విడువలేదు. తమ కొరియా ఇంటిపేరును కూడ నిలుపుకొనిరి. చెరలోనికి వచ్చిన మొదటి దినములలో చేసిన గిన్నెలకు జపాను భాషలో ఒక పేరు కలదు. ‘నిప్పు మాత్రమే’ అని దాని భావము. మన్ను కొరియాది, పూత కొరియాది, చేతులు కొరియావి. కాల్చిన నిప్పు మాత్రమే జపానుది. 1998లో, 400 సంవత్సరములు నిండినప్పుడు, నామ్‌వొన్ నుండి నిప్పును సముద్రము దాటించి ఆ పల్లెకు తీసికొనివచ్చిరి.

బబులోను చెరలోనున్నవారికి యిర్మీయా ఉత్తరము వ్రాసి, అక్కడ ఇండ్లు కట్టుకొని తోటలు నాటుమని చెప్పెను (యిర్మీయా 29). దానియేలు పరదేశములో కిటికీ తెరచి ప్రార్థించెను. మన పిల్లలును నేడు పని కొరకు, చదువు కొరకు హైదరాబాదునకు, గల్ఫ్ దేశములకు పోవుచున్నారు. వారు తమ ఇష్టముచేతనే పోవుచున్నారు, నిజమే. అయినను అక్కడి నిప్పు మన నిప్పు కాదు. ఆ నిప్పు వారిని ఎట్లు కాల్చునో మన చేతిలో లేదు. మన్నును చేతులును ఎట్టివై బయలుదేరుచున్నవో అది కొంత మన చేతిలో నున్నది. పెట్టెలో బట్టలు సర్దు తల్లి, ఆ బిడ్డ హృదయములో ఏ వాక్యములు సర్దితినో జ్ఞాపకము చేసికొనవలెను.

6. కుండలమ్మిన విశ్వాసులు

కొరియా ఇండ్లలో తేనీటి గిన్నెలకంటె సామాన్యమైనవి ‘ఒంగ్గి’ అను పెద్ద జాడీలు. మనము ఆవకాయకు జాడీ వాడునట్లు, వారు కిమ్చి అను కూరగాయల ఊరగాయకును సోయా పులుసునకును వాటిని వాడుదురు. ఆ మన్నులో కంటికి కనబడని సన్నని రంధ్రములుండి, గాలి ఆడును గాని పులుసు కారదు. అందుచేత లోపలి పదార్థము చెడక ఊరును.

ఈ జాడీల చరిత్రలో క్రైస్తవుల కన్నీళ్లు కలిసియున్నవి. జోసన్ రాజుల కాలమున 1801, 1839, 1866 సంవత్సరములలో ఆరంభమైన గొప్ప హింసలలో రోమను కథోలిక విశ్వాసులు అనేకులు చంపబడిరి. మిగిలినవారు ఇండ్లు పొలములు విడిచి కొండలలో దాగిరి. అక్కడ మన్నును కట్టెలును దొరకుటచేత అనేకులు ఒంగ్గి పని నేర్చి బ్రదికిరి. జాడీలను వీపున మోసికొని ఊరూర అమ్ముచు, చెదరియున్న సహోదరులను కలిసికొని వార్తలు తెలియజేసిరి. కొరియా కథోలికులకు మొదటి కార్డినలైన కిమ్ సూ-హ్వాన్ (1922–2009) తాత హింసలో మరణించెను. తల్లిదండ్రులు ఒంగ్గి అమ్మి జీవించిరి. ఆయన పెద్దవాడై గొప్ప పదవిలో నుండియు తనకు మారుపేరుగా ‘ఒంగ్గి’ అనియే పెట్టుకొనెను.

వారికిని మనకును కొన్ని బోధలలో భేదమున్నది. అయినను యేసు నామము కొరకు వారు సహించినది మనకు సాక్ష్యమే. మన్ను పని చేయువాడని లోకము చిన్నచూపు చూచిన కాలమున, ఆ మన్నులోనే దేవుడు తన వారిని కాపాడెను. మన పితరులును అనేకులు చిన్నచూపు చూడబడిన ఇండ్లలోనుండియే ప్రభువునొద్దకు వచ్చిరి. వారు చేసిన పనిని పిల్లలయెదుట చెప్పుటకు సిగ్గుపడకుడి.

7. పగిలిన కూజా

యిర్మీయా 18వ అధ్యాయములో మెత్తని మన్ను మరల పాత్రయగును. 19వ అధ్యాయములో కాల్చబడిన కూజా పగులగొట్టబడును. ఇక దానిని బాగుచేయుట అసాధ్యమని ప్రవక్త చెప్పుచున్నాడు. ఈ రెండు అధ్యాయములును ప్రక్క ప్రక్కన నున్నవి. మెత్తగా నున్నప్పుడే లోబడుడని హెచ్చరిక. అయితే పగిలిపోయిన వాని సంగతి ఏమి? మన సంఘములో నేడు అట్టివారు కూర్చుండియుందురు.

కొరియాలో 17, 18 శతాబ్దములలో నిండు చందమామను పోలిన తెల్లని పెద్ద కూజాలను చేసిరి. రెండు పెద్ద గిన్నెలను వేరువేరుగా చేసి, నోటికి నోరు కలిపి అతుకుదురు. అందుచేత అవి సరిగా గుండ్రముగా నుండవు. అట్టి కూజా ఒకటి జపానులో నారా పట్టణమున తోదాయ్-జీ ఆలయమునకు చెందిన చోట నుండెను. 1995లో ఒక దొంగ దానిని ఎత్తుకొనిపోవుచు, తరుమబడి, నేలకు కొట్టెను. అది 300కు పైగా ముక్కలాయెను. వారు ఆ ముక్కలను, పొడిని సహా, ఏరి దాచిరి. ఒసాకా పట్టణములోని మ్యూజియమున నిపుణులు వాటిని ఓర్పుతో అతికి మరల కూజాను నిలువబెట్టిరి.

మనుష్యులు మట్టి కూజా పొడిని సహా ఏరిన యెడల, దేవుడు తన పోలికలో చేసిన మనుష్యుని ఎంత ఎక్కువగా ఏరును! 31వ కీర్తనలో భక్తుడు తాను పగిలిన కుండవంటివాడనని మొరపెట్టెను (12వ వచనము). అదే కీర్తనలోని 5వ వచనముతో మన ప్రభువు సిలువపై తన ఆత్మను తండ్రి చేతికి అప్పగించెను. పగిలినవాని ప్రార్థనను ఆయన తన నోట పలికెను. ఆయనను అమ్మిన ముప్పది వెండి నాణెములతో కొనబడినదేమి? కుమ్మరివాని పొలము (మత్తయి 27:7). పరదేశులకు అక్కడ చోటు దొరికెను. పగిలినవారికి చోటు ఆయన రక్తపు వెలలో నున్నది. ఇదే సువార్త. వెనుకకు తిరిగిపోయిన కుమారుని గూర్చి ‘వాని పని అయిపోయినది’ అని పలుకు హక్కు మనకు లేదు.

ఇంటిలో చేయదగిన పనులు

ఈ నెలలో మూడు పనులు చేయుడి. రాత్రి భోజనమునకు ముందు పది నిమిషములు కుటుంబ ప్రార్థన జరిపి, వాక్యమును పిల్లలచేతనే చదివించుడి; తప్పు చదివినను నవ్వకుడి. మీ ఇంటికి సువార్త ఎట్లు, ఎవరి మూలముగా వచ్చెనో ఒక రాత్రి పిల్లలకు చెప్పుడి. గుడికి రాక మానిన ఒక బంధువునింటికి, మందలించుటకు కాక, కలిసి భోజనము చేయుటకు వెళ్లుడి.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. మా ఇంటి మన్నులో దాగిన రాయి ఏది? దానిని తీసివేయుటకు ఎవరియొద్దకు వెళ్లి సమాధానపడవలెను?
2. మా పిల్లలు మమ్మును ప్రార్థనలో చూచియున్నారా, లేక ప్రార్థింపుమని మేము చెప్పుట మాత్రమే వినియున్నారా?
3. మేము పాత్రను కాపాడుచున్నామా? అందులోని ఐశ్వర్యమును కాపాడుచున్నామా?
4. దూరదేశములోనున్న మా బిడ్డలకొరకు ప్రతిదినము ప్రార్థించుచున్నామా?

ప్రార్థన: మమ్మును చేసిన తండ్రీ, మా పెద్దలలో నీవు చేసిన పనికై నీకు స్తోత్రము. మాలోని రాళ్లను తీసివేయుము. మా పిల్లలను నీ చేతిలో పెట్టుచున్నాము. మెత్తగా నున్నవారిని రూపింపుము, పగిలినవారిని ఏరుకొనుము. నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.